గొంతులో నాలుగు గింజలు, ఒళ్లంతా వాటిదే పెత్తనం!

మీకు తెలుసా? బెలూం గుహల్లో వేలాడే రాతి ఊడల్లోనూ, మనిషిని నేలమీద దొర్లించే కిడ్నీ రాళ్లలో చాలావాటిలోనూ ఉన్నది ఒకటే సరుకు. కాల్షియం! గుహలో ఉంటే టిక్కెట్టు కొని చూస్తాం. కిడ్నీలో ఉంటే స్కానింగుకు డబ్బు కట్టి మరీ చూస్తాం.

మీకు తెలుసా? నంద్యాల జిల్లాలో కాల్షియానికి కరువే లేదు. కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవునా సున్నపురాయే. బేతంచెర్ల బండలు సున్నపురాయే. సిమెంటు ఫ్యాక్టరీలు బతికేదీ దానిమీదే. కానీ ఒంట్లో కాల్షియం ఎంత ఉండాలో తీర్పు చెప్పేది మాత్రం గొంతులో దాక్కున్న 4 బుల్లి గ్రంథులు. పేరు పారాథైరాయిడ్. సైజు బియ్యపు గింజంత. బరువు ఒక్కోటీ 30 నుంచి 50 మిల్లీగ్రాములు. కంసాలి తక్కెడకు కూడా ఆనవు!

మీకు తెలుసా? పేరులో థైరాయిడ్ ఉన్నా, ఆ థైరాయిడ్ చేసే పనితో వీటికి సంబంధమే లేదు. దాని వెనక అద్దెకు ఉంటాయి, అంతే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు 'నాకూ ఇదే ఉంది' అని కంగారుపడనక్కర్లేదు.

మీకు తెలుసా? అందరికీ 4 ఉండాలని రూలేం లేదు. స్వీడన్‌లో 503 మృతదేహాలను పరీక్షించి 1984లో లెక్క తేల్చారు. 84 శాతం మందికి 4, 13 శాతం మందికి 4 కంటే ఎక్కువ, 3 శాతం మందికి మూడే! అవి కూడా చెప్పిన చోట ఉంటాయా? దవడ కింద నుంచి గుండె పక్క దాకా ఎక్కడైనా కాపురం పెట్టేస్తాయి.

మీకు తెలుసా? పెద్దవాళ్ల ఒంట్లో సుమారు కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లోనే. మిగిలిన చిటికెడులోనే గుండె కొట్టుకోవడం, కండరం కదలడం, నరం మాట్లాడటం అన్నీ జరిగిపోవాలి. రక్తంలో డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు, అటూ ఇటూ కదలకూడదు. ఇంత పొదుపుగా మన ఇళ్లలో జీతం కూడా నడపలేం!

మీకు తెలుసా? ఈ గ్రంథుల హార్మోనును కొలిచేది పికోగ్రాముల్లో. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. రక్తంలో మిల్లీలీటరుకు 15 నుంచి 65 పికోగ్రాములుంటే చాలు. ఏమీ అర్థం కాలేదా? అయితే వెలుగోడు డ్యాం దగ్గరికి రండి.

వెలుగోడు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ నిండితే 16.95 టీఎంసీలు. అంటే సుమారు 48 వేల కోట్ల లీటర్లు. ఆ నీళ్లన్నీ రక్తమే అనుకోండి (ఈ నీళ్లు అందుకునే మద్రాసు వాళ్లు భయపడొద్దు, లెక్క కోసమే). మన రక్తంలో ఉన్న పాళ్లలోనే కాల్షియం కలపాలంటే దాదాపు 48 వేల టన్నులు కావాలి. 20 టన్నుల లారీలైతే 2,400! ఆత్మకూరు రోడ్డు పట్టదు. మరి ఆ సరుకు మొత్తాన్నీ అదిలించే హార్మోను ఎంత కలపాలి? మిల్లీలీటరుకు 40 పికోగ్రాముల లెక్కన చూస్తే 19 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా కూడా నిండదు. ఔరా!

మీకు తెలుసా? ఆ 4 గ్రంథుల్లో ఒక్కటి అతి చేసినా కథ అడ్డం తిరుగుతుంది. హార్మోను కుమ్మరిస్తుంది, ఎముకల్లోంచి కాల్షియం తోడి రక్తంలో పోస్తుంది. ఆపైన కిడ్నీలో రాళ్లు, ఎముకలకు బీటలు, కడుపులో మంటలు, మనసులో మబ్బులు. ఈ గోల చేసేది 100 మందిలో 80 మందికి పైగా ఒకే ఒక్క గడ్డ, అదీ క్యాన్సర్ కానిది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో సుమారు 3 రెట్లు ఎక్కువ.

మీకు తెలుసా? అమెరికాలో ఈ జబ్బు చాలావరకు మామూలు రక్తపరీక్షలో అనుకోకుండా దొరికిపోతుంది. మన దేశంలో ఎముకలు గుల్లబారాకో, రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చాకో బయటపడే కేసులే ఇంకా ఎక్కువ. రాయి పడిపోయిందని దండం పెట్టి ఇంటికెళ్లిపోయే వాళ్లకు ఒక్క మాట: రెండోసారి వస్తే రక్తంలో కాల్షియం చూపించుకోండి. డ్రైవర్ని వదిలేసి లారీకి చలానా రాస్తే ఏం లాభం?

మీకు తెలుసా? ఈ గ్రంథులను మొదట చూసింది మనిషిలో కాదు, ఖడ్గమృగంలో! అదీ మన ఇండియా ఖడ్గమృగం. లండన్ జూలో అది చచ్చిపోతే రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త కోసి చూశాడు. అంత భారీ కళేబరంలో థైరాయిడ్‌కు అంటుకున్న ఓ పసుపుపచ్చ చుక్కను కనిపెట్టి 1850లో చెప్పాడు. ఆ కళ్లకు దిష్టి తీయాలి! డైనోసార్లకు ఆ పేరు పెట్టిందీ ఈయనే.

మీకు తెలుసా? మనిషిలో వీటిని తేల్చింది పేరున్న ప్రొఫెసర్ కాదు. స్వీడన్‌లోని ఉప్సలాలో ఇవార్ శాండ్‌స్ట్రామ్ అనే వైద్య విద్యార్థి. ముందు కుక్కలో చూశాడు, తర్వాత 50 మృతదేహాలు గాలించాడు, 1880లో అచ్చువేశాడు. పట్టించుకున్న నాథుడు లేడు!

మీకు తెలుసా? 1925 ఈ గ్రంథులకు పుష్కరాల సంవత్సరం. ఆ ఒక్క ఏడాదిలోనే కెనడాలో జేమ్స్ కాలిప్ దీని హార్మోనును బయటికి తీశాడు. వియన్నాలో ఫెలిక్స్ మాండల్ అతి చేసే గ్రంథికి తొలి ఆపరేషన్ చేశాడు. అదే ఏడాది అమెరికాలో ఒక తెలుగువాడు రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని అచ్చువేశాడు. ఎవరాయన?

ఇంకెవరు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! గురువు సైరస్ ఫిస్క్‌తో కలిసి చేసిన 'ఫిస్క్-సుబ్బారావు పద్ధతి' ప్రపంచమంతటా ల్యాబులకు పాఠమైంది. పారాథైరాయిడ్ అతి చేస్తే కాల్షియం పైకి, ఫాస్ఫరస్ కిందికి. ఆ కిందికి పోయేదాన్ని పట్టుకునే కొలత మనవాడిది. నోబెల్ మాత్రం రాలేదు. ఇది జోకు కాదు.

మీకు తెలుసా? మాండల్ మొదటి రోగి ఒక ట్రాము కండక్టరు. ఎముకలు గుల్లబారాయి, నడవలేడు. అప్పటి వైద్యుల నమ్మకం ఏమిటంటే, ఇతనికి గ్రంథి చాలక జబ్బు చేసిందని! అందుకని ఇంకొకరి గ్రంథి తెచ్చి అతనికి అతికించారు. అంటే మంటమీద కిరోసిన్. తర్వాత తెలివొచ్చి ఉన్న గడ్డను తీసేస్తే లేచి నడిచాడు. జబ్బు కొన్నేళ్లకు తిరగబెట్టింది, అది వేరే విషయం.

మీకు తెలుసా? చార్లెస్ మార్టెల్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ ఈ జబ్బుతో 7 అంగుళాలు పొట్టివాడైపోయాడు! 6 అడుగుల పైచిలుకు మనిషి 5 అడుగుల 6 అంగుళాలకు దిగాడు. గొంతు కోశారు, గడ్డ దొరకలేదు. మళ్లీ కోశారు, లేదు. అలా 6 ఆపరేషన్లు. కెప్టెన్ విసిగి లైబ్రరీలో శరీరశాస్త్రం పుస్తకాలు ముందేసుకున్నాడు. ఛాతీలో వెతకండయ్యా అని డాక్టర్లకు ఆయనే చెప్పాడు. 1932లో ఏడోసారి ఛాతీ తెరిచారు. దొరికింది! రోగే డాక్టరయ్యాడు. పాపం, కిడ్నీ రాళ్ల చిక్కులతో కొద్ది వారాలకే పోయాడు.

మీకు తెలుసా? ఆ గడ్డ ఎక్కడుందో ఇవాళ చెప్పే స్కాన్ కూడా పొరపాటున దొరికిందే. గుండె కోసం టెక్నీషియం-సెస్టామిబి అనే మందు ఎక్కిస్తే, గొంతులో ఇంకేదో మెరిసింది. ఏమిటా అని చూస్తే పారాథైరాయిడ్ గడ్డ! 1989 నాటి ముచ్చట. గుండెను చూడబోతే గొంతు పట్టుబడింది.

సరే, అసలు సంగతికొద్దాం. కోయకుండా కుదరదా?

మీకు తెలుసా? కుదురుతుంది! ఒక దారి సారాయిది. 95 శాతం పైబడిన ఆల్కహాల్‌ను సన్న సూదితో నేరుగా గడ్డలోకి ఎక్కిస్తారు. కణాల్లో నీరు ఇగిరిపోతుంది, రక్తనాళాలు మూసుకుపోతాయి, గ్రంథి చతికిలబడుతుంది. 1980ల నుంచి ఉన్న పద్ధతి. తాగితే మనిషి పడిపోతాడు, పొడిస్తే గ్రంథి పడిపోతుంది! చిక్కేమిటంటే ఆ ద్రవం పక్కకు జారితే గొంతు నరానికి దెబ్బ. ఒక్కసారితో పని కూడా కాకపోవచ్చు.

మీకు తెలుసా? ఇంకో దారి రేడియో! రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అంటారు. సూది మొన నుంచి వెళ్లే కరెంటు సాధారణంగా సెకనుకు 4, 5 లక్షల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. కడప ఆకాశవాణిని పట్టే మీడియం వేవ్‌కు అది కాస్త దిగువ మెట్టు. గడ్డలోని కణాలు ఆ ఊపుకు వేడెక్కి 60 నుంచి 100 డిగ్రీల దగ్గర ఉడికిపోతాయి. పాటలు మాత్రం రావు.

మీకు తెలుసా? మూడో దారి వంటింటి నుంచి వచ్చింది. మైక్రోవేవ్ అబ్లేషన్. నిన్నటి కూర వేడిచేసే ఓవెన్‌దీ 2,450 మెగాహెర్ట్జే, ఈ సూదుల్లో చాలావాటిదీ 2,450 మెగాహెర్ట్జే! డయాలసిస్ రోగుల్లో దీన్ని విరివిగా వాడి చూసినవాళ్లు చైనా డాక్టర్లు.

రేడియో సూది పని దగ్గర్నుంచి చూద్దామా? వెలుగోడు నుంచి ఒక పెద్దమ్మ ఏదో పెద్దాసుపత్రికి వెళ్లిందనుకోండి. వయసు మీద పడింది, గుండె అంతంతమాత్రం, పూర్తి మత్తు ఇవ్వడానికి భయం. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వాల్చారు. చల్లటి జెల్ పూసి అల్ట్రాసౌండ్ పెడితే తెరమీద థైరాయిడ్ బూడిద రంగులో, దాని వెనక గడ్డ నల్లగా కనిపిస్తుంది. చర్మానికి మాత్రమే తిమ్మిరి సూది. పెద్దమ్మ మెలకువగానే ఉంది, పైగా పైకప్పు ఫ్యాను మురికిగా ఉందని నర్సుకు చెబుతోంది.

ఇప్పుడు అసలు కిటుకు. గడ్డ చుట్టూ ముందు నీరు ఎక్కిస్తారు! గడ్డ తేలినట్టయి పక్కనున్న నరం నుంచి ఎడంగా జరుగుతుంది. ఉప్పునీరు పనికిరాదు, అందులో కరెంటు పాకుతుంది. కాబట్టి 5 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే చక్కెర నీరు. కాలబోయే గడ్డకు పానకాభిషేకం!

ఆ తర్వాత సూది మొన గడ్డలో దిగుతుంది. తెరమీద నల్లటి చోట తెల్లటి బుడగలు పొంగుతాయి. డాక్టరు కబుర్లు మొదలెడతాడు.

“మీదే ఊరు పెద్దమ్మా?”

“వెలుగోడు నాయనా.”

“డ్యాం నిండిందా?”

“నిండింది. నీ పని ఎప్పుడైపోతాది?”

డాక్టరుకు నీళ్ల మీద ఆసక్తి కాదండీ. గొంతు బొంగురుపోకుండా ఖంగుమంటే నరం క్షేమం అని గుర్తు. కాల్చే పని నిమిషాల్లో ముగుస్తుంది. మెడమీద మిగిలేది సూది గుచ్చిన చుక్క. దృష్టిబొట్టు కూడా అంతకంటే పెద్దది!

మీకు తెలుసా? ఆ నరానికి పుట్టుకతోనే దారి తెలీదు. ఎడమవైపుది మెదడు నుంచి బయల్దేరి గొంతు పక్కనుంచే దాటిపోయి, ఛాతీలో గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్ని చుట్టి, మళ్లీ పైకొచ్చి స్వరపేటికను చేరుతుంది. నంద్యాలలో ఎక్కి ఆళ్లగడ్డలో దిగాల్సినవాడు తిరుపతి వెళ్లి వెనక్కొచ్చాడన్నమాట. జిరాఫీలో ఆ దారి కొన్ని మీటర్లు!

మీకు తెలుసా? సూది కూడా గుచ్చని పద్ధతి ఉంది. తీవ్రమైన అల్ట్రాసౌండ్ కిరణాలను బయటి నుంచే గడ్డమీద గురిపెట్టి వేడి పుట్టిస్తారు. కత్తి లేదు, సూది లేదు, శబ్దమే ఆయుధం. ఆ శబ్దం మన చెవికి వినిపించదు కాబట్టి సరిపోయింది, లేకపోతే పెళ్లి డీజేలు అప్పుడే పట్టేసేవాళ్లు.

మీకు తెలుసా? మాత్రతో మాయచేసే మార్గమూ ఉంది. గ్రంథిమీద కాల్షియాన్ని పసిగట్టే ఒక తలుపుగొళ్లెం లాంటి ప్రొటీన్ ఉంటుంది. 1993లో దాన్ని ఆవు గ్రంథి నుంచి పట్టుకున్నారు. 2004లో సినకాల్సెట్ అనే మందుకు అమెరికా అనుమతి వచ్చింది. అది ఆ ప్రొటీన్‌కు చెప్పే అబద్ధం ఒక్కటే: 'కాల్షియం బోలెడుంది, ఇక చాలు!' గ్రంథి నమ్మేస్తుంది. రక్తంలో కాల్షియం దిగుతుంది. ఎముకలు మాత్రం నమ్మవు, వాటి బలం ఈ మాత్రతో పెద్దగా పెరగదు. పైగా వికారం.

మీకు తెలుసా? ఇన్ని వచ్చినా ఛాంపియన్ ఇంకా కత్తే! చెయ్యి తిరిగిన సర్జన్ చేస్తే 95 శాతానికి పైగా జబ్బు నయం. సూదితో కాలిస్తే గడ్డ ముక్క చేతికి రాదు, పరీక్షకు పంపేదేమీ ఉండదు. తిరగబెట్టే అవకాశమూ ఎక్కువే. ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకు, వద్దనేవాళ్లకు సూది వరం. తట్టుకోగలిగినవాళ్లు మెడమీద మచ్చకు జడిసి సూది వెంట పడటం నాకైతే నచ్చదు. మచ్చను గొలుసు కప్పేస్తుంది.

మీకు తెలుసా? కత్తి కూడా చిక్కిపోయింది. ఒకప్పుడు మెడ అంతా అడ్డంగా తెరిచేవారు, ఇప్పుడు 2, 3 సెంటీమీటర్ల గాటు. 1996లో మిషెల్ గాన్యే కెమెరా గొట్టంతో చేసి చూపించాడు. థాయ్‌లాండ్ సర్జన్ల పుణ్యమా అని కింది పెదవి లోపల 3 రంధ్రాలతో కూడా కానిస్తున్నారు. మచ్చ ఎక్కడ? నోరు తెరిస్తేనే! నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు.

మీకు తెలుసా? రక్తంలో ఈ హార్మోను 3, 4 నిమిషాలకే సగమైపోతుంది. సర్జన్లకు అది కలిసొచ్చింది. గడ్డ తీసిన 10 నిమిషాలకు రక్తం పరీక్షిస్తారు. హార్మోను సగానికి పడితే దొంగ దొరికినట్టే, కుట్లు వేసేయొచ్చు. పడలేదా? ఇంకో దొంగ లోపలే ఉన్నాడు!

మీకు తెలుసా? ఈ గ్రంథులు తమంతట తామే మెరుస్తాయి! కంటికి కనిపించని పరారుణ కాంతి వేస్తే చుట్టుపక్కల కండకంటే ఎక్కువగా వెలుగుతాయి. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో అనితా మహదేవన్-జాన్సెన్ బృందం పట్టిన గుట్టు ఇది. 2018లో అక్కడ ఆపరేషన్ గదుల్లోకి యంత్రాలకు అనుమతి వచ్చింది. ఎందుకు మెరుస్తాయి? ఇంకా తేలలేదు. అడిగితే గ్రంథులు చెప్పవు!

మీకు తెలుసా? డయాలసిస్ రోగుల్లో ఒక్కోసారి 4 గ్రంథులనూ తీసేసి, ఒక దాని ముక్కలు కోసి ముంజేతి కండలో నాటుతారు. మొలక వేసినట్టు బతికేస్తాయి, అక్కణ్నుంచే హార్మోను పంపుతాయి! రేపు అది అతి చేసినా మెడ ముట్టుకోనక్కర్లేదు. చేతిలో పని చేతికే.

మీకు తెలుసా? ఉద్దానం కిడ్నీ జబ్బు బాధకూ ఈ గింజలకూ చుట్టరికముంది. కిడ్నీలు పాడైతే ఫాస్ఫరస్ పేరుకుంటుంది, విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారదు. గ్రంథులు కంగారుపడి రేయింబవళ్లు పనిచేసి ఉబ్బిపోతాయి. శ్రీకాకుళం జిల్లా పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడి రోగులకు కాల్షియం, ఫాస్ఫరస్ లెక్కలు డాక్టర్లకంటే బాగా వచ్చేస్తాయి, ఇందులో మాత్రం నవ్వేదేమీ లేదు.

మీకు తెలుసా? ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట లోకానికి చెప్పింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. ఫ్లోరోసిస్ ఉన్న కొందరిలో ఈ గ్రంథులు కూడా అతిగా పనిచేస్తాయి. బోరు ఎంత లోతో అందరూ అడుగుతారు, నీళ్లలో ఏముందో ఎవరడుగుతారు?

మీకు తెలుసా? రాయలసీమ ఎండకు రాళ్లు పగులుతాయి, అయినా ఒంట్లో విటమిన్ డి చాలదు! తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే పరీక్షించి 2007లో ఈ మాట అచ్చువేసింది. తిండిలో కాల్షియమూ తక్కువే. డి తగ్గితే గ్రంథులు రెచ్చిపోతాయి. మరి ఎండ ఎప్పుడు పనికొస్తుంది? ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా. సరిగ్గా మనం గొడుగు తీసే వేళకు!

మీకు తెలుసా? గడ్డ పోయాక పండగ అనుకుంటే ఎముకలు ఊరుకోవు. ఏళ్ల తరబడి దోపిడీకి గురైనవి కదా, రక్తంలో కాల్షియాన్ని ఒక్కసారిగా పీల్చేస్తాయి. మూతి చుట్టూ చీమలు పాకినట్టు, వేళ్లు తిమ్మిరి. కత్తైనా సూదైనా ఈ గండం ఉంటుంది. అందుకే కాల్షియం మాత్రలు చేతికిచ్చి పంపుతారు. దీనికి డాక్టర్లు పెట్టిన పేరు 'ఆకలిగొన్న ఎముకలు'. వడ్డించాల్సిందే!

మీకు తెలుసా? చేపలకు పారాథైరాయిడ్ లేదు. నీళ్లలోని కాల్షియాన్ని మొప్పలతో లాగేసుకుంటాయి. 2004లో శాస్త్రవేత్తలు చూపించిన వింత ఏమిటంటే, చేప మొప్పలనూ మన గొంతులోని ఈ గ్రంథులనూ పుట్టించే జన్యువు ఒకటే! నీళ్లు వదిలి గట్టెక్కినప్పుడు మొప్పల వారసత్వం మెడలోకి చేరిందన్నమాట. ఈసారి చేపల పులుసు తినేటప్పుడు కాస్త మర్యాద ఇవ్వండి, దూరపు బంధువు.

మీకు తెలుసా? అసలు కత్తీ వద్దు, సూదీ వద్దు, మాత్రా వద్దు అనే చికిత్స కూడా ఉంది. చాలా అరుదుగా గడ్డలో దానంతటదే రక్తస్రావమై గడ్డ చచ్చిపోతుంది, జబ్బు కుదిరిపోతుంది! ఖర్చు సున్నా, మచ్చ సున్నా. ఒక్కటే ఇబ్బంది: ఆ రక్తం మెడలో పేరుకుంటే ఊపిరాడదు, లోపలి హార్మోను ఒక్కసారిగా బయటపడితే కాల్షియం ఆకాశానికి ఎగుస్తుంది, కొన్నాళ్లకు జబ్బు మళ్లీ మొదటికీ రావచ్చు. కాబట్టి దానికోసం ముహూర్తం పెట్టుకుని కూర్చోకండి, డాక్టరు దగ్గర టోకెన్ తీసుకోండి!